రంగం వారి ఇల్లు

పలాస అనగానే మన ఇళ్ళల్లో అందరికీ జీడిపప్పు జ్ఞాపకం వస్తుంది. పాయసంలో వేసే పప్పు పలాసదేనా అని దుకాణదారును గుచ్చి గుచ్చి అడిగే ఇల్లాళ్ళను నేనెరుగుదును. టెక్కలి అంటే నీలి గ్రానైటు రాయి. ఉద్దానం అంటే కొబ్బరితోటలు. ఇటీవలి కాలంలో, పాపం, మూత్రపిండాల జబ్బు కూడాను. ఇవేవీ కాక ఈ సీమకు ఒకప్పుడు మరొక సంగతి ఉండేది. ఇక్కడి జనం రంగం వెళ్ళేవారు.

రంగం అంటే శ్రీరంగం కాదు, యుద్ధరంగమూ కాదు. రంగూన్ పట్నం. ఉత్తరాంధ్రలో ఆ పేరుకు అదే వాడుక. ఆ మాటకొస్తే బర్మా దేశమంతా వారికి రంగమే. మౌల్మీన్ వెళ్ళినవాడూ రంగం వెళ్ళినట్టే, అక్యాబు వెళ్ళినవాడూ రంగం వెళ్ళినట్టే.

మొన్న వేసవిలో జవాబుపత్రాలు దిద్దే పని తగిలి పది రోజులు టెక్కలిలో ఉండవలసి వచ్చింది. నాతో పాటు పత్రాలు దిద్దిన వారిలో ఉద్దానం మిత్రుడొకడున్నాడు. చరిత్ర బోధిస్తాడు. సాయంకాలం టీ తాగుతూ మాటల మధ్య, "మా ఊళ్ళో రంగం వారి ఇల్లని ఒకటుందండీ. చూస్తారా మాస్టారూ?" అన్నాడు. ఆదివారం ఉదయాన్నే బయలుదేరాం.

టెక్కలి నుంచి పలాసకు బస్సులో గంట పట్టదు. ఎడమచేతి వైపు కొండల వరుస, కుడిచేతి వైపు ఎక్కడో కంటికి ఆనని సముద్రం. శీతకాలమైతే మధ్యలో తేలినీలాపురం దిగి, చింతచెట్ల మీద గూళ్ళు కట్టుకున్న కొంగలను చూడవచ్చును. మేం వెళ్ళేసరికి గూళ్ళు ఖాళీ. పలాసకు జంటనగరమైన కాశీబుగ్గలో దిగగానే జీడి పిక్కలు కాల్చిన వాసన ముక్కుకు తగిలింది. ఆ పిక్క పగలగొట్టే ఆడవాళ్ళ చేతులు చూస్తే పాయసం గొంతు దిగదు. పెంకులోని నూనె చర్మాన్ని కాల్చేస్తుంది. వేళ్ళన్నీ నల్లబారిపోయి ఉంటాయి. జీడిమామిడి మన చెట్టు కాదు. బ్రెజిలు నుంచి పోర్చుగీసువారు తెచ్చి నాటినది. ఇప్పుడు పలాస మిల్లులకు ఇక్కడి పంట చాలక ఆఫ్రికా నుంచి కూడా పిక్కలు దిగుమతి చేసుకుంటున్నారు. పరాయి దేశపు చెట్టుకు మన ఊరి పేరు పెట్టి దేశమంతా అమ్ముకుంటున్నాం. చెట్టును ఎవరూ కాగితాలు అడగలేదు.

కాశీబుగ్గ నుంచి ఆటోలో వజ్రపుకొత్తూరు దారి పట్టాం. ఉద్దానమంటే ఉద్యానమేనని పెద్దలంటారు. నేల ఇసుక, గాలి చల్లన. కొబ్బరి కింద పనస, పనస కింద అరటి, సందులో జీడిమామిడి. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను ఈ పరిసరాల్లోనే తీరం దాటి ఒక్క రాత్రిలో తోటలను పడుకోబెట్టింది. కాపుకు వచ్చిన కొబ్బరిచెట్టు పోతే ఆ ఇంటి నెలజీతం పోయినట్టే. కూలిపోయిన చోట వేసిన మొక్కలు ఇప్పుడు మనిషికి మించి ఎదిగాయి. అయినా ఆ లోపల ఎన్ని ఇళ్ళ మగపిల్లలు చెన్నపట్నానికీ, హైదరాబాదుకూ పనులకు పోయారో లెక్క లేదని మా మిత్రుడు అన్నాడు. ఈ సీమకు వలస కొత్త కాదు.

ఊరి పేరు అక్కరలేదు. సముద్రం ఘోష వినబడేంత దూరంలో ఉంది. రంగం వారి ఇల్లంటే మేడ అనుకొని వెళ్ళాను. రెండు గదుల పెంకుటిల్లు. ముందు వసారా, వసారాలో నవారు మంచం. మంచం మీద డెబ్బై దాటిన ఒక పెద్దావిడ కూర్చుని అరటిదూట తరుగుతున్నది.

"రండి బాబూ, కూకోండి. ఎండన పడి వొచ్చినారు" అన్నది. మా మిత్రుడు ఆవిడను పెద్దమ్మా అని పిలుస్తాడు. రక్తసంబంధం ఏమీ లేదు, ఊరి వరస.

అరటిదూట దేనికని అడిగాను. "మొహింగాకి" అన్నది. చేపల పులుసులో అరటిదూట, శనగపిండి వేసి మరగబెట్టి, బియ్యపు సేమియా మీద పోసుకొని తింటారట. బర్మాలో ప్రతి వీధి చివరా పొద్దున్నే అమ్మే ఫలహారం. అరవై ఏళ్ళు దాటినా ఆవిడ నాలుక ఇంకా మౌల్మీన్‌లోనే ఉన్నది.

ఇక్కడ కాస్త పాత సంగతులు చెప్పాలి. 1852లో ఇంగ్లీషువారు దిగువ బర్మాను పట్టుకొన్నారు. ఐరావతి డెల్టాలో అడవులు నరికి వరి వేయించారు. 1869లో సూయజు కాలువ తెరిచాక ఆ బియ్యానికి యూరపులో గిరాకీ పెరిగింది. కోతకు, మిల్లులకు, ఓడరేవు మోతకు మనుషులు కావాలి. ఇవతల గంజాం, విశాఖ మండలాల్లో జమీందారీ శిస్తులు, అప్పులు, కరువులు. మేస్త్రీ వచ్చి ముందుగా కొంత సొమ్ము చేతిలో పెట్టేవాడు. ఓడ ఛార్జీ తనే కట్టేవాడు. అవతల దిగాక ఆ బాకీ తీరేదాకా కూలీలో కోసుకొనేవాడు. గోపాలపురం, బారువ, కళింగపట్నం, భీమునిపట్నం, విశాఖ, కాకినాడ రేవుల నుంచి స్టీమర్లు. తెలుగువారిని అక్కడ కోరంగీలు అనేవారు. గోదావరి నోటిలోని మన కోరంగి రేవు పేరు మీద. ఉద్దానం వాడు కోరంగిని కలలో కూడా చూసి ఉండడు. అయినా వాడు కోరంగీయే.

1931 జనాభా లెక్కల్లో రంగూన్ నగరంలో నాలుగు లక్షల మంది ఉంటే అందులో సగానికి పైగా భారతీయులే. రేవులో బస్తాలు మోసినవారిలో అత్యధికులు తెలుగువారు. 1930 మే నెలలో వారు కూలి పెంచమని సమ్మె చేశారు. ఓడలవారు బర్మా కూలీలను పెట్టుకొన్నారు. రాజీ కుదిరి మనవాళ్ళు తిరిగి పనిలోకి వచ్చేసరికి బర్మావారికి పని పోయింది. మే 26న మొదలైన కొట్లాటల్లో వందమందికి పైగా చచ్చిపోయారు. ఎక్కువమంది తెలుగు కూలీలే. ఇద్దరు పేదవాళ్ళ మధ్య ఒక మూట పడవేసి, ఎవరు మోస్తారో తేల్చుకోమన్నట్టయింది.

పెద్దావిడ తాతగారు అంతకు ముందే మౌల్మీన్ చేరారు. రంగూనంత పెద్ద ఊరు కాదది. సాల్వీన్ నది సముద్రంలో కలిసే చోట ఉంది. కలప కోత మిల్లులు, బియ్యపు మిల్లులు ఉండేవి. మోన్ జాతివారి సీమ. వెనుక ఆ జాతిని తలైంగులు అనేవారు. ఆ మాట తెలింగ శబ్దం నుంచే వచ్చిందని ఫేర్ అనే దొర రాశాడు. పండితులందరూ ఒప్పుకోలేదు, మోనులకు ఆ పేరు బొత్తిగా గిట్టదు. తెలుగు చదువుకున్నవాణ్ణి గనుక నాకు మాత్రం అది నిజమైతే బాగుండునని ఉంటుంది.

1937 ఏప్రిల్ 1న బర్మా భారతదేశం నుంచి విడిపోయింది. అంతకు ముందు రోజు దాకా రంగం వెళ్ళడమంటే మద్రాసు వెళ్ళినట్టే; ఆ మరునాటి నుంచి పరదేశం. 1942లో జపానువారు వచ్చారు. నాలుగైదు లక్షల మంది భారతీయులు ఇల్లూవాకిలీ వదిలి బయలుదేరారు. చాలామంది కాలినడకన అరకాను కొండల మీదుగా, మణిపురం అడవుల మీదుగా వచ్చారు. వేలాదిమంది దారిలోనే పోయారు. ఈవిడ కుటుంబం మాత్రం కదలలేదు. జనవరి నెలాఖరుకే మౌల్మీన్ జపానువారి చేతికి చిక్కింది. పారిపోవడానికి వ్యవధి చాలలేదు. ఉన్నచోటే తలదాచుకొని బతికిపోయారు.

అసలు కథ ఆ తరువాతిది.

1948 జనవరి 4న బర్మా స్వతంత్రమయింది. ఎనిమిదేళ్ళు అక్కడ నివాసమున్న మనవాళ్ళు కోరుకుంటే ఆ దేశపు పౌరులు కావచ్చునని రాజ్యాంగంలో రాశారు. అయితే ఊరుకుంటే కాదు, దరఖాస్తు పెట్టుకోవాలి. ఎప్పుడు వచ్చావో, ఎక్కడ ఉన్నావో రుజువులు చూపాలి. మోతకూలీ దగ్గర రుజువులేముంటాయి? అది ఒక సంగతి. పెద్దావిడ తండ్రి సంగతి వేరు. ఆయన అక్కడే పుట్టాడు. రుజువులు తెచ్చుకోగలిగినవాడే.

"మా అయ్య పెట్టనేదు బాబూ. మనకి ఉద్దానంలో బూవున్నాది, ఎప్పుడికైనా మన దేశం ఎల్లిపోతాం, వాల్ల కాయితం మనకెందుకు అన్నాడు. మా అప్ప మావగారు పెట్టినాడు. జవాబు రానేదు. రాకపోయినా పెట్టినాడు గదా!"

ఆ ఒక్క వాక్యంలో రెండు కుటుంబాల చరిత్ర ఉన్నది.

1962 మార్చి 2న సైన్యాధిపతి నెవిన్ ప్రభుత్వాన్ని చేజిక్కించుకొన్నాడు. 1964లో దుకాణాలన్నీ సర్కారువయ్యాయి. ఆ ఏడాది మే నెలలో యాభై, నూరు చాట్ల నోట్లు చెల్లవన్నారు. విదేశీయుల కార్డు ఉన్నవారికి బతుకు గడిచే దారి లేదు. భారత ప్రభుత్వం ఓడలు పంపింది. పదకొండేళ్ళ ఈవిడ తల్లిదండ్రులతో బయలుదేరింది. అప్పటికి ఏడాది కిందటే అక్కకు పెళ్ళయింది. ఆమె అత్తింటివారు దరఖాస్తు పెట్టినవారు గనుక ఉండిపోయారు.

అప్పట్లో మౌల్మీన్ నుంచి రంగూన్ పోవాలంటే నది దాటి అవతల మర్తబాన్‌లో రైలెక్కాలి. "లాంచీ కదిలినాది. అప్ప రేవులో నిలబడున్నాది. ఏడవనేదు. చెయ్యి కూడా ఊపనేదు. ఎండకి కళ్ళకడ్డంగా చెయ్యెట్టుకొని సూసినాది. అంతే. మరి నేను దాన్ని కంటితో సూడనేదు."

రంగూన్ రేవులో తనిఖీ చేసేవారు తల్లి ముక్కుపుడక కూడా విప్పించారట. విశాఖలో దిగాక కొన్నాళ్ళు శిబిరం. కంచరపాలెం దగ్గర బర్మా క్యాంపు అని ఇప్పటికీ పేరు వినబడుతుంది. మద్రాసులో బర్మా బజారు కూడా ఇలా వచ్చినవారు పెట్టుకొన్నదే. ఇలాంటివారికి అప్పులిచ్చి నిలబెట్టడానికి 1969లో రెప్కో బ్యాంకు పెట్టారు. అందరూ వ్యాపారాలు చేయలేరు గదా. ఈవిడ తండ్రి నేరుగా ఉద్దానం వచ్చాడు. భూమి ఉన్నది. కాని దాయాదుల పేర్న ఉన్నది. ముప్పై ఏళ్ళ శిస్తు రసీదులు వారి దగ్గరున్నాయి. ఈయన దగ్గర ఏముంది? తండ్రి చెప్పిన మాట. బర్మాలో కాగితం అక్కరలేదన్న మనిషి ఇక్కడ కాగితం లేక పొరుగువారి తోటలో కొబ్బరికాయలు దింపే కూలికి పోయాడు. చివరికి ఊరివారే జాలిపడి ఇంటిస్థలం చూపించారు. మౌల్మీన్‌లో ఆ ఇంటిని కోరంగీల ఇల్లనేవారు. ఇక్కడ రంగం వారి ఇల్లయింది. ఈవిడకు పెళ్ళి కుదరడానికి ఆలస్యమైందట. 'ఏ దేశపుదో, ఏం తిన్నదో' అన్నారట.

ఉండిపోయినవారు బాగుపడ్డారా అంటే, అదీ సూటిగా చెప్పలేం. 1982లో బర్మాలో కొత్త పౌరసత్వ చట్టం వచ్చింది. ఇంగ్లీషువారు కాలు పెట్టకముందు, అంటే 1823కు పూర్వం అక్కడ ఉన్న జాతులే సొంత జాతులన్నారు. వారి లెక్కలో అవి 135. తెలుగు అందులో లేదు. మిగిలినవారికి మెట్లు కట్టారు: పూర్తి పౌరులు, సహపౌరులు, స్వీకృత పౌరులు. గులాబీ, నీలం, ఆకుపచ్చ రంగుల కార్డులు. 1948 చట్టం కింద పెట్టుకొన్న దరఖాస్తు ఇంకా తేలకుండా ఉన్నవారు సహపౌరులు. అలా, ఆ మావగారి జవాబు రాని దరఖాస్తుకు ముప్పై ఏళ్ళు దాటాక జవాబు వచ్చినట్టయింది. అప్పకు, ఆమె భర్తకు, పిల్లలకు నీలం కార్డులు. పౌరుడి హక్కులన్నీ ఉంటాయి, ప్రభుత్వం ఎప్పటికప్పుడు మినహాయించినవి తప్ప, అని చట్టం. మన బియ్యం కార్డులకు కూడా రంగులుండేవి గాని, అవి మనిషిని ఏ మెట్టు మీద నిలబెట్టాలో చెప్పలేదు. మూడవ తరానికి మాత్రం గులాబీ కార్డుకు దారి ఉంది. ఏ కార్డూ లేనివారు ఇంకా అన్యాయం. 2002లో వెలువడిన భారత సంతతి ఉన్నతస్థాయి సంఘం నివేదిక ఆ దేశంలో మనవారిని 29 లక్షలుగా అంచనా కట్టింది. అందులో నాలుగు లక్షలమంది ఏ దేశానికీ చెందనివారు.

ఇలాంటి చిన్న సమాజాలు ఎక్కడైనా ఉంటాయి. రుమేనియాలో బానాతు అనే సీమలో బల్గేరియన్లు కొద్ది వేలమంది ఉన్నారు. 1688లో తురుష్కుల మీద తిరుగుబాటు చేసి ఓడిపోయి వలస వచ్చినవారి సంతానం. అసలు బల్గేరియావారు రష్యాలోవంటి లిపిలో రాస్తారు. వీరు రోమను లిపిలో తమ మాండలికానికి వేరే రాతభాష కల్పించుకొన్నారు. గుర్తింపు పొందిన అల్పసంఖ్యాక జాతులకు ఒక్కొక్క స్థానం చొప్పున రుమేనియా పార్లమెంటులో ఇస్తారు, వీరికీ ఒకటున్నది. మారిషస్‌లో తెలుగువారు జనాభాలో స్వల్పం. అయినా ఉగాది అక్కడ దేశమంతటికీ సెలవుదినం. బర్మాలో తెలుగువారు ఇప్పటికీ మౌల్మీన్, పెగూ, రంగూన్ ప్రాంతాల్లో ఉన్నారు. గుళ్ళున్నాయి. గుళ్ళలో ఓపిక ఉన్నవారు పిల్లలకు అక్షరాలు నేర్పుతుంటారు. ఇంట్లో ఒక పేరు, బడిలో బర్మా పేరు. పార్లమెంటులో స్థానమూ లేదు, సెలవుదినమూ లేదు.

పెద్దావిడ మనుమడిచేత ఫోను తెప్పించింది. అప్ప చనిపోయి పన్నెండేళ్ళయింది. అప్ప కూతురు ఫోనులో కనబడింది. చెంపలకు చందనంలాంటి తనఖా పూత, నుదుట కుంకుమ. "సిన్నమ్మా, బాగున్నావేటి?" అన్నది. నేను ఉలిక్కిపడ్డాను. బారువలో చేపలమ్మే మనిషి మాట్లాడినట్టున్నది. మా మిత్రుడన్నాడు: "చూశారా మాస్టారూ, మా పిల్లలు ఈ భాష వదిలేశారు. టీవీ భాష మాట్లాడుతున్నారు." తెలుగు ఆమె చదవలేదు, రాయలేదు.

ఆమె కొడుకును గురించి అడిగాను. మాట తడబడింది. ఇంట్లో మొట్టమొదట గులాబీ కార్డు వచ్చినది ఆ కుర్రవాడికే. ఆ రోజు గుళ్ళో కొబ్బరికాయలు కొట్టారట. 2021 ఫిబ్రవరిలో సైన్యం మళ్ళీ ప్రభుత్వాన్ని లాక్కొన్నది. 2024 ఫిబ్రవరిలో నిర్బంధ సైనిక సేవ చట్టాన్ని అమలులోకి తెచ్చింది. పద్ధెనిమిది నుంచి ముప్పై అయిదేళ్ళ మగవారందరికీ వర్తిస్తుంది. కుర్రవాడికి ఇరవై ఒకటి. పేటలో పేర్లు రాసుకుపోయారని తెలిసిన రాత్రే సరిహద్దు దాటి థాయిలాండులోని మేసోత్ చేరాడు. అక్కడ బట్టల కార్ఖానాలో పని. గులాబీ కార్డు ఇంట్లోనే పెట్టెలో ఉన్నది. అక్కడ వాడి దగ్గర ఏ కాగితమూ లేదు.

"ముత్తాత లాగే అయిపోనాడు" అన్నది పెద్దావిడ. ఇంకేమీ అనలేదు. అరటిదూట తరగడం మొదలుపెట్టింది.

మొహింగా తిన్నాం. మా మిత్రుడు రెండుసార్లు వేయించుకొన్నాడు. మనవాళ్ళకు కొంచెం చప్పగా తోస్తుంది. పచ్చిమిరపకాయ కొరుక్కుంటే సరిపోతుంది.

తిరుగుదారిలో బారువ చూద్దామని పట్టుబట్టాను. దూరమే, అయినా వెళ్ళాం. మహేంద్రగిరి నుంచి దిగివచ్చిన మహేంద్రతనయ అక్కడ సముద్రంలో కలుస్తుంది. దీపస్తంభం ఉన్నది. రేవు లేదు. స్వరాజ్యం వచ్చాక ఆ రేవు మూలబడింది. చిల్కా అనే పాత ఓడ ఒకటి ఇక్కడి నీళ్ళలో మునిగి ఉన్నది. ఈతగాళ్ళు దాన్ని చూడడానికి నీటి అడుగుకు దిగుతారట. మేం వెళ్ళినప్పుడు ఒడ్డున వలలు బాగుచేసుకొంటున్న ఇద్దరు కుర్రాళ్ళు తప్ప ఎవరూ లేరు. వాళ్ళు మరుసటి వారం గుజరాతు రేవులకు పోతున్నారట. రంగం పేరు విన్నారా అని అడిగాను. ఒకడు తల అడ్డంగా తిప్పాడు. రెండవవాడు, "మా ముసలోడు అనేవోడు" అన్నాడు.

ఊరు వదిలేముందు పెద్దావిడ నన్నొక కోరిక కోరింది. అప్ప కూతురికి ఎనిమిదేళ్ళ మనుమరాలు ఉన్నది. గుళ్ళో నేర్పేవారు ఊరు వదిలిపోయారు. ఆ పిల్లకు అక్షరాలు కావాలి. "మీరు తెలుగు మాస్టారు గదా బాబూ." టెక్కలి వచ్చి పెద్ద బాలశిక్ష కొన్నాను. మొదటి పన్నెండు పేజీలు ఫోటోలు తీయించి మా మిత్రుని ఫోనులోనుంచి పంపించాం.

మూడు వారాలకు మళ్ళీ ఆ ఊరు వెళ్ళే పని కల్పించుకొన్నాను. అప్పటికి మౌల్మీన్ నుంచి ఒక నోటుపుస్తకం పేజీ ఫోటో వచ్చి ఉన్నది. ఆ పిల్ల అక్షరాలు చక్కగా దిద్దింది. గుండ్రన కుదరడంలో ఆశ్చర్యం లేదు. బర్మా లిపీ మన లిపీ దక్షిణదేశపు పాత రాతల నుంచి పుట్టిన దాయాదులే. మన సున్న లాంటి అక్షరం వారికీ ఉన్నది, దాన్ని వ అని పలుకుతారు. ప్రతి తెలుగు అక్షరం కిందా గుర్తుకోసం బర్మాలో ఏదో రాసుకొన్నది.

పెద్దావిడ ఫోను కళ్ళకు దూరంగా పట్టుకొని, కింది వరుస గడగడా చదివింది. పైవరుస దగ్గర ఆగిపోయింది. అప్పుడు నాకు తట్టింది. ఆవిడ బడికి వెళ్ళింది మౌల్మీన్‌లో. ఇక్కడికి వచ్చాక బడి ముఖం చూడలేదు. బర్మా అక్షరాలే గాని తెలుగు అక్షరం రాదు.

నేను పైవరుస చదివాను. ఆవిడ కిందది చదివింది. అ, ఆ, ఇ, ఈ. చివర రెండు మాటలున్నాయి: అమ్మ, ఆవు.

"ఆ పుస్తకం ఇంకోటి దొరుకుతాదా బాబూ?" అన్నది పెద్దావిడ.